వెంటాడువాని మనస్సు

లోకమున నొక విచిత్రమైన నేరము గలదు. దానిని ముక్కలు చేసి చూచినచో నే ముక్కయందును నేరము కానరాదు. ఉత్తరము వ్రాయుట తప్పు కాదు. వీథిలో నడచుట తప్పు కాదు. పూలు పంపుట, ఫోనులో క్షేమ మడుగుట మర్యాదలే. కాని వలదని చెప్పిన మనుష్యునికే యివి దినదినమును, మాసముల తరబడి, ఎడతెగక జరిగినపుడు ఆ మనుష్యుని బ్రదుకు చెఱసాల యగును. ఆంగ్లమున దీనికి 'స్టాకింగు' అని పేరు. వేటకాడు మృగమును పొంచి వెంబడించుటకు చెప్పు మాట యిది. ఒక్కొక్క కార్యమునందు లేని పాపము మొత్తములో నెట్లు వచ్చినది? మా యభిప్రాయమున నది 'వలదు' అను మాట తరువాత వేసిన మొదటి యడుగుననే యున్నది. తక్కిన యడుగులు దాని నెక్కువ చేయునే కాని క్రొత్తగా పుట్టింపవు.

అమెరికాలో 1989వ సంవత్సరమున నొక యువనటిని అభిమాని యొకడు ఆమె గుమ్మముకడనే కాల్చి చంపెను. మఱుసటి యేట కాలిఫోర్నియా రాష్ట్రము వెంటాడుటను నేరముగా శాసించెను. శాసనము పుట్టినది గాని, ఈ వెంటాడువా డెవడు, ఏల వెంటాడుచున్నాడు అను ప్రశ్న మిగిలినది. దానికై తమ పాండిత్యమును వెచ్చించినవారిలో, ఆస్ట్రేలియాదేశమందలి మెల్‌బోర్న్ నగరమున న్యాయసంబంధ మనోవైద్యమున కాచార్యుడుగా నుండిన పాల్ మలెన్ ముఖ్యుడు. ఆయనయు, మిషెల్ పాథే, రోజ్‌మరీ పర్సెల్ మున్నగు సహచరులును 145 మందిని పరీక్షించి 1999లో ఫలితములను ప్రకటించిరి. వారు చెప్పిన తెగ లైదు: బంధము తెగుటను సహింపలేనివాడు, సరియైన పరిచయమైనను లేని వ్యక్తితో ప్రణయము కలదనియో కలుగుననియో నమ్మువాడు, చెలిమి చేయు మర్యాద తెలియని మొద్దు, పగ తీర్చుకొనువాడు, దాడికై పొంచియుండువాడు. ఈ భేదము నెఱుగుటవలన ప్రయోజనము గలదు. మొద్దును గట్టిగా మందలించిన మానును, కాని మఱొకరి వెంట బడును. భ్రమలో నున్నవానికి చెఱయు ప్రేమకొఱకు పడు కష్టముగానే తోచును. వానికి వైద్యము కావలయును. పగవాడు తానే బాధితుడనని నమ్మును. అందఱకు నొక్కటే మందు వేసినచో నొకనిపట్ల నది నిప్పులో నెయ్యి యగును.

ఇచట మిత్రులు కొందఱు మాతో వాదించుచుందురు: "కారణము తెలిసినచో క్షమింపవలసి వచ్చును గదా! దుర్మార్గమునకు రోగమని పేరు పెట్టి వానిని తప్పించుచున్నారు." ఈ వాదము వినుట కింపుగా నుండును గాని నిలువదు. ఏ పాము కఱచినదో తెలిసికొన్న వైద్యుడు పాము పక్షమువాడు కాడు.

మా శంక వేఱు. వెంటాడువాడు మాటకారి, తన కథ చెప్పుకొనుటకు సిద్ధముగా నుండును. వెంటాడబడినది దాగును. మాటలాడువాని యొద్ద కూర్చుండుటయే శాస్త్రమునకు సులభము. మలెన్, పాథేల కీ సంగతి తెలియకపోలేదు. పైన చెప్పిన పరిశోధనకు ముందే, 1997లో, వారు 100 మంది బాధితుల విషయము ప్రకటించి యుండిరి. ఆ నూర్గురిలో 94 మంది తమ జీవనవిధానమును గొప్పగా మార్చుకొనవలసివచ్చెను. 53 మంది పనికో చదువునకో పోవుట తగ్గించిరి, లేదా మానిరి. 39 మంది ఇల్లు మారిరి. 24 మందికి ఆత్మహత్య తలంపు కలిగెను. ఇల్లు వాకిలి విడిచినది వెంటాడబడినవారే.

భారతము చదివినవారి కిది క్రొత్త కాదు. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని తన్నినపుడు, మీ కలహము నా పరోక్షమున జరిగినది, నే నేమి యెఱుగుదునని విరటుడు తప్పుకొనెను. కీచకుడు చచ్చిన పిమ్మట నుపకీచకులు, ఈమె మూలముననే చచ్చెనని యామెను శవముతోపాటు శ్మశానమునకు గొంపోయిరి. వెంటాడినవాని చావునకును వెంటాడబడినదే కారణమట!

నేటి విరటులు మన యిండ్లలోనే యున్నారు. తొమ్మిదవ తరగతి బాలికను దారిలో నొకడు వెంబడించినచో, వాని తండ్రితో మాటలాడుటకంటె పిల్లను బడి మాన్పించుట మేలని తలంచు తలిదండ్రులను మేము పలుమాఱు చూచితిమి. హాజరుపట్టీలో నామె పేరు కొట్టివేయబడును. వాని పేరట్లే యుండును. తెఱమీద కథానాయకు డదే పని చేసినపుడు మనము ఈలలు వేయుదుము. వలదనుట 'ఇంకను అడుగు'మనుటయే యని మన సినిమాలు బాలురకు నేర్పినంత చక్కగా మా పాఠ్యపుస్తకము లేమియు నేర్పలేకున్నవి.

2013లో భారత శిక్షాస్మృతియందు 354డి విభాగము చేర్చబడెను; 2024 జూలై 1 నుండి యది భారతీయ న్యాయసంహితలో 78వ విభాగము. స్త్రీ తన యనిష్టమును స్పష్టముగా తెలిపిన పిమ్మటను పదేపదే వెంబడించు పురుషుడు తొలిసారి మూడేండ్లవఱకు, మలిసారి ఐదేండ్లవఱకు చెఱకు పాత్రుడు. మెల్‌బోర్న్‌లో పరీక్షింపబడినవారిలో ఐదవవంతు స్త్రీలు. వెంటాడు స్త్రీ మన శాసనమున లేదు. అది యటుండె. 'స్పష్టముగా' అను పదము వద్దనే మాకు తడబాటు. భయపడినదాని నోట స్పష్టత యెట్లు వచ్చును? తల వంచుకొని వేఱొక వీథిని బోవు బాలిక చెప్పినది చాలదా? చాలునన్నను, ఠాణాలో నందులకు సాక్షి యెవడు? ఆమె దారి మార్చుకొన్నదని చూచి యెఱిగినవాడు, ఆమె వెనుక నడచినవా డొక్కడే.