అణిమాండవ్యుని హద్దు – అంగడివాని భారము

అణిమాండవ్య మహర్షి వృత్తాంతము భారతము ఆదిపర్వమున గలదు. మౌనవ్రతుడై తపస్సు చేసికొనుచున్న ఆ మహానుభావుని ఆశ్రమమున దొంగలు సొమ్ము దాచిరి. రాజభటులు వచ్చి అడుగగా ఆయన పలుకలేదు. దొంగలతోపాటు ఆయనను గూడ కొఱత వేసిరి. ఏ పాపమునకు ఈ ఫలమని ఆయన తరువాత యమధర్మరాజును నిలదీయగా, బాల్యమున చిన్నపురుగుల తోకలయందు గడ్డిపుల్లలు గ్రుచ్చితివని సమాధానము వచ్చినది. ఆ లెక్కను మహర్షి ఒప్పుకొనలేదు. పదునాలుగేండ్లు వచ్చువఱకు చేసిన పని పాతకము కాదని హద్దు నిలిపి, యముని మనుష్యుడవై పుట్టుమని శపించెను. అట్లు పుట్టినవాడే విదురుడు.

పురాణకాలక్షేపములలో ఈ కథను విదురుని జన్మవృత్తాంతముగా చెప్పి ముందునకు సాగుట వాడుక. ఆ పదునాలుగు అను సంఖ్య యొద్ద నిలిచి చూచువారు తక్కువ. బాలునికి పాపము అంటదని మహర్షి చెప్పెను గాని, చేసిన పని మాసిపోవునని చెప్పలేదు. పురుగు బాధ పడినది నిజమే గదా! మఱి ఆ భారము ఎవరిది? వారింపవలసియుండి వారింపని పెద్దలది అని తప్ప వేఱు సమాధానము తోచదు. వయస్సునకు హద్దు పెట్టుట బాలుని తక్కువ చేయుట కాదు. భారమును అతని భుజముల నుండి తీసి పెద్దవాని భుజములపై పెట్టుట.

ఈ విచారము శ్రీకాకుళం జిల్లా సముద్రతీరమునకు మిక్కిలి అవసరమైనది. పలాసలో రైలు దిగి మందస వాసుదేవ పెరుమాళ్ సేవకు పోవు యాత్రికులు ఉద్దానపు కొబ్బరితోటలను, జీడిమామిడి తోపులను చూచియే యుందురు. టెక్కలి మొదలు ఆ తీరగ్రామముల వఱకు స్త్రీలలో అడ్డపొగ అను అలవాటు తరతరములుగా నున్నది. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పొగ త్రాగుట. ఈ జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించి, అంగిటిపై ఆ నిప్పు చేయు హానిని డెన్మార్కు దేశీయుడైన పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా మొదలగు శాస్త్రజ్ఞులు 1971లో ప్రకటించిరి. నోటి క్యాన్సరులలో అంగిటి క్యాన్సరు ఇతరత్ర అరుదు. అడ్డపొగ యున్నచోట అట్లు కాదు. (ఉద్దానపు మూత్రపిండముల వ్యాధి వేఱు విషయము. దాని కారణము నేటికిని తేలలేదు. రెంటిని కలిపి మాటలాడుట తగదు.)

ఈ అలవాటు ఎట్లు సంక్రమించును? ఎవరును పిల్లను కూర్చుండబెట్టి నేర్పరు. పొట్టకూటికై తల్లిదండ్రులు విశాఖకో హైదరాబాదునకో వలసపోగా, పిల్లలు తాత, మామ్మల యొద్ద పెరుగుదురు. మోకాళ్ల నొప్పులతో లేవలేని మామ్మ చేతిలో డబ్బులుంచి, చుట్టలు తెమ్మనును. బడ్డీకొట్టువాడు “ఎవులికిరా?” అని అడుగును. “మా మామ్మకి” అని పిల్లవాడనును. అంతటితో అంగడివాని మనస్సు తేలికపడును. ఇంటికి తెచ్చిన చుట్టను పొయ్యియొద్ద అంటించి ఇమ్మని మామ్మ అడుగును. చుట్ట ఆరిపోకుండుటకు దారిలో ఒక దమ్ము లాగవలెను. విద్యాభ్యాసము ఆనాడే జరిగినది.

ప్రభుత్వశాసనము ఈ విషయమున మౌనముగా లేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాసంస్థలకు 100 గజముల లోపల అమ్మకమే పనికిరాదనియు చెప్పుచున్నది. కొనువాడు మైనరు కాడని రుజువు చేయు బాధ్యత అమ్మువానిదేనని 2004 నిబంధనలు విధించినవి. మహర్షి తీర్పునకును దీనికిని ఎంత దగ్గఱ! ఆ తప్పునకు జుల్మానా మాత్రము 200 రూపాయలు మించదు. ఇక 2015 నాటి బాలల న్యాయచట్టము 77వ సెక్షనులో అమ్ముట అను మాటయే లేదు. వైద్యుని ఆదేశము లేకుండ బాలునికి మద్యము గాని పొగాకు గాని ఇచ్చుట, ఇప్పించుట అనునవి నేరములు. ఏడేండ్ల వఱకు కఠినకారాగారము, లక్ష రూపాయల వఱకు జుల్మానా. ఆంధ్రప్రదేశమున మద్యమునకు వయోపరిమితి ఇరువదియొక్క యేండ్లు.

“ఇప్పించుట” అను మాట యొద్ద ధర్మశాస్త్రము చదివినవాడు ఆగక తప్పదు. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేయన్నవాడు కర్మఫలమున భాగస్వాములని మనవారు ఏనాడో చెప్పిరి. మామ్మ చుట్టకై బాలుని పంపుట ఆ సెక్షను క్రిందికి వచ్చునో రాదో న్యాయస్థానములు తేల్చుకొనును. ధర్మమున మాత్రము ఆమె ప్రేరకురాలు. “ఎవులికిరా” అని అడిగి ఇచ్చినవాడు, అడిగినందువలననే, తెలిసి చేసినవాడగును. అడుగకుండ ఇచ్చినవాడు అజ్ఞానము చెప్పుకొనవచ్చునా? ఎదుట నిలిచినవాని తల బల్ల అంచును దాటకున్నపుడు ఆ అజ్ఞానము చెల్లదు.

హద్దు పెట్టుట పైపై పట్టింపు అనువారు కలరు. పదునెనిమిది నిండుటకు ఒకనాడు ముందు విషమైనది మఱునాడు అమృతమగునా అని వారి ఎత్తిపొడుపు. కాదు, పొగాకు ఆనాడును విషమే, ఈనాడును విషమే. మాఱినది దానిని ఎంచుకొన్నవారు ఎవరన్నది. అరుణోదయమున దశమీవేధ ఉన్నదని ఏకాదశిని విడిచి ద్వాదశినాడు ఉపవసించు వైష్ణవ గృహస్థుడు, ఘడియల లెక్కకై పంచాంగముతో తగవులాడువాడు, ఏండ్ల లెక్కను పట్టింపు అని నవ్వుట వింతయే.

చిక్కు వేఱొకచోట నున్నది. పెద్దల మాట వినవలెనని బాలునికి మనమే నేర్పుదుము. “తేను” అని అతడు మామ్మతో అనవలెనా? అనరాదు, అనలేడు. అంగడివాడు ఒట్టిచేతులతో పంపినయెడల ఇంటిలో తిట్లు బాలునికే. మఱుసటినాడు మామ్మ వేఱొక కొట్టునకు పంపును, ఈ కొట్టువాని బేరము పోవును. ఊరిలో బడ్డీకొట్టు నడుపువాడు ధనవంతుడు కాడు. అతని యింటిలోను పిల్లలున్నారు. ఈ కష్టమును చూడక అతనిని మాత్రము దూషించుట సులభము గాని న్యాయము కాదు. అయినను బాలుడు కాదనలేని మాటను కాదనగలవాడు ఆ వరుసలో అతడొక్కడే. మామ్మకు అలవాటు విడువదు. బాలునికి నోరు లేదు. తల్లిదండ్రులు దూరమున నున్నారు.

డబ్బులు తిరిగి బాలుని చేతిలో పెట్టి, “మామ్మనే రమ్మను, లేదా పక్కింటి మావయ్యను పంపమను” అని చెప్పుటకు అంగడివానికి పట్టునది ఒక్క నిమిషము. ఆమె నడువలేనిదైనచో సాయంకాలము కొట్టు కట్టి పోవునపుడు తానే ఆ గడప ముందు ఆగి చుట్టలిచ్చి పోవచ్చును. ముసలియామె చుట్ట ఆమెకు చేరును. పిల్లవాడు ఆ వేళకు ఎక్కడ ఆడుకొనుచుండునో అక్కడనే ఉండును.