సగము ఖర్చు

స్వతంత్రముగా వృత్తి చేయు ఇంజనీరు పనికైన ఖర్చును రాబడిలో తగ్గించుకొనుట న్యాయమే. ఇంటి పెండ్లికి తిరిగిన కారు పెట్రోలును ఆ పద్దున వ్రాయుట అసత్యము. అందు చర్చ యక్కరలేదు.

చిక్కు వేరొకచోట నున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు 2016లో చేర్చిన 44ఏడీఏ సెక్షను, నిర్ణీత వృత్తులవారు రాబడిలో సగమును లాభముగా చూపిన చాలును, లెక్కల పుస్తకములక్కరలేదన్నది. 20 లక్షల రాబడిలో 2 లక్షలే ఖర్చైనవాడు 10 లక్షలే లాభమనిన దోషమా? చట్టమిచ్చిన వెసులుబాటే గదా యందురు. కాని అంతకు హెచ్చు ఆర్జించితినని చెప్పినచో ఆ మొత్తమే లాభమను మాటయు అందే యున్నది. నిజముగా 14 లక్షలు ఖర్చైనవానికో, పుస్తకములు, ఆడిటు తప్పలేదు. మౌనము వహించినవానిని దొంగ యనరాదు. అయినను జీతగాని పన్ను జీతములోనే కోతపడుచుండగా, ఆ 8 లక్షల మాట అంత తేలికగా తీరదు.