వరస తేలాక

మా అమ్మ ఎవరితో మాట కలిపినా అయిదు నిమిషాల్లో వరస తేల్చేది. రైల్లో ఎదుటి సీట్లో ముక్కూమొహం తెలియని కుర్రాడు కూర్చున్నా సరే, ఏ ఊరు బాబూ, ఇంటిపేరేమిటి, మీ అమ్మగారి పుట్టిల్లెక్కడ అని మూడు ప్రశ్నలు. ఎక్కడో ఒక పాత పెళ్లి దగ్గర రెండు దారులూ కలిసేవి. "అయితే నువ్వు నాకు అల్లుడి వరస అవుతావు" అనేది. ఆ మాటతో ఆ కుర్రాడు కూర్చున్న తీరే మారిపోయేది. చాపుకున్న కాళ్లు దగ్గరికి తీసుకునేవాడు. అమ్మ డబ్బా మూత తీసి పులిహోర పెట్టేది. దిగేటప్పుడు మా సామాను అతనే దింపేవాడు.

నాకప్పుడు అది పెద్దవాళ్ల కాలక్షేపం. ఎవరి దగ్గర ఎంత చనువుండాలి, ఎంత బిడియముండాలి, ఎవరి బరువు ఎవరు మోయాలి అన్నదంతా ఆ ఒక్క పిలుపులోనే చుట్టిపెట్టి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

'కజిన్' అన్నదానికి తెలుగులో ఒక్క మాట లేదు. ఉండే వీలూ లేదు. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నలూ తమ్ముళ్లూ అక్కచెల్లెళ్లూ. మేనమామ, మేనత్త పిల్లలు బావలూ మరదళ్లూ. అమ్మ తోడబుట్టినవాడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే. మేనరికం అలా భాషలోకి ఇంకిపోయింది. అక్కణ్నించి మనసులోకి. మా పెదనాన్న కొడుకూ, మేనమామ కొడుకూ నా ఈడువాళ్లే. ఒకే అరుగు మీద ఆడుకున్నాం. పన్నెండేళ్లు దాటాక, పెదనాన్న కొడుకు వస్తే జడ లాగించుకుని మరీ పోట్లాడేదాన్ని. మేనమామ కొడుకు వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు వింటే లోపలి గదిలోకి పోయేదాన్ని. రక్తం లెక్కలో ఇద్దరూ నాకు ఒకే దూరం. అయినా ఒకరి దగ్గర గొంతు పెగిలేది, మరొకరి దగ్గర పెగిలేది కాదు. ఆ సిగ్గు పూర్తిగా నాదే అనుకున్నాను. నేను పుట్టడానికి ఎన్నో తరాల ముందే అది తయారై, నాకోసం కాచుకుని ఉంది.

1871లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ లాయరు ఎన్నో జాతుల బంధుత్వ పదాలను పట్టికలు వేసి అచ్చువేశాడు. వాటిలో తమిళం, తెలుగు వరసలూ ఉన్నాయి. తన ప్రాంతపు సెనెకా ఆదివాసులకూ మనకూ పిలుపుల్లో అంత దగ్గరి పోలిక కనిపించి ఆయన ఆశ్చర్యపోయాడు.

పెళ్లి కట్టుబాట్లు మారితే మనుషుల మనసులు మారతాయా? హార్వర్డ్‌లో పనిచేసే పరిశోధకుడు జోసెఫ్ హెన్రిక్ మారతాయనే అంటాడు. పశ్చిమ యూరప్‌లో చర్చి దగ్గరి బంధువుల పెళ్లిళ్లను శతాబ్దాల తరబడి నిషేధిస్తూ వచ్చింది. పదకొండో శతాబ్దానికి ఆ నిషేధం ఆరేడు తరాల దాకా పాకింది. 1215లో లేటరన్ సభ దాన్ని నాలుగు తరాలకు తగ్గించింది. వంశాల అల్లిక అలా వదులయ్యాక, చుట్టరికం లేనివాళ్లు కలిసి వృత్తి సంఘాలూ పట్టణాలూ విశ్వవిద్యాలయాలూ కట్టుకున్నారని, పరాయివాణ్ని నమ్మే గుణం అలా పెరిగిందని హెన్రిక్ వాదన. ఆయనా సహచరులూ 2019లో 'సైన్స్' పత్రికలో దీనికి కొన్ని లెక్కలు చూపించారు. ఇంత పెద్ద చరిత్రకు ఒకే తాళంచెవి చాలుతుందని నేను నమ్మను. కానీ ఆ లెక్కల్లో ఒకటి నన్ను వదలడం లేదు. ఇటలీలో, దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎక్కువగా జరిగిన జిల్లాల్లో రక్తదానం తక్కువట. ఎవరి ఒంట్లోకి పోతుందో తెలియని రక్తం మరి.

అమ్మ పులిహోర డబ్బా గుర్తొచ్చింది. వరస తేలిన ప్రయాణాల్లోనే దాని మూత తెరుచుకునేది. ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది. అక్కడ దారులు కలవకపోతే అమ్మ మెల్లిగా కిటికీవైపు తిరిగేది. మా ఊళ్లో కులాల మధ్య కూడా మామా, బాబాయీ అనే పిలుపులుండేవి. అవి మాలపల్లి పొలిమేర దాకా వెళ్లి ఆగిపోయేవి. మా తాత వయసు మనిషిని మా ఇంట్లో పదేళ్ల పిల్లాడు పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పెద్దాయన వాణ్ని 'అయ్యా' అనేవాడు. నేనూ అలాగే పిలిచాను. నాకు సిగ్గుపడటం నేర్పిన వరసలు, సిగ్గుపడాల్సిన ఆ చోట నా నోరు ఆపలేదు. ఇది రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది.

ఆచారం ఉన్నచోట మేనరికాన్ని 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆపలేదు. చదువులూ, దూరపు ఉద్యోగాలూ, డాక్టర్ల హెచ్చరికలూ ఆపుతున్నాయి. ఆగడం మంచిదే. అంతకన్నా లోతైన మార్పు మరొకటి చప్పుడు లేకుండా జరుగుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఒక్కగానొక్క కొడుకూ ఒక్కగానొక్క కూతురూ పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు మేనమామ ఉండడు, మేనత్త ఉండదు, పిన్నీ బాబాయీ ఉండరు. కాబట్టి అన్నలుండరు, బావలుండరు. మాటలన్నీ నిఘంటువులో భద్రంగా ఉంటాయి, పిలిపించుకునే మనిషి ఉండడు. చైనాలో ముప్పై అయిదేళ్లు ఒకే బిడ్డ నియమం నడిచి ఎన్నో ఇళ్లలో ఇదే జరిగింది. మనకు ఎవరూ నియమం పెట్టకుండానే ఆ రోజు వస్తోంది. అరుగు మీద నేను నేర్చుకున్న ఆ రెండు రకాల మనసులూ ఆ బిడ్డకు ఎక్కణ్నించి వస్తాయో నాకు అందడం లేదు.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. దానికి ఒక్కడే కొడుకు. పక్క వీధిలో కేరళ అమ్మాయి, వాళ్లకు ఒక్కతే కూతురు. పిల్లలిద్దరూ పొద్దస్తమానం కలిసే ఉంటారు. మొన్న ఫోన్లో అడిగింది, "అమ్మా, వీడు ఆవిణ్ని ఆంటీ అంటుంటే నాకు బాగోలేదు. అత్త అని నేర్పనా, పిన్ని అని నేర్పనా?"

అమ్మ ఉంటే ముందు ఇంటిపేరు అడిగేది. నేను అడగలేదు.

"పిల్లలు పోట్లాడుకుంటున్నారా?" అన్నాను.

"రోజూ."

"అయితే పిన్ని అని నేర్పు."