కొక్కెం మీద మిగిలిన బిళ్ల

మంచిర్యాలలో రాళ్లవాగుకు దగ్గరగా ఒక సర్కారు బడి. ఆ బడి పక్క గల్లీలో ఒక ముసలాయన ఉండేవాడు. శ్రీరాంపూర్ వైపు బొగ్గు బాయిలో ఏళ్ల తరబడి పనిచేసి దిగిపోయినవాడు. బొగ్గు కొట్టలేదు, టబ్బు నింపలేదు. ఆయన కొలువంతా ల్యాంప్ రూములోనే గడిచింది. షిఫ్టు ఎక్కేవాళ్లకు క్యాప్ ల్యాంపులు ఇవ్వడం, దిగినవాళ్ల దగ్గర తీసుకొని చార్జింగ్ పెట్టడం, ఇదే పని. అందుకే వాడకట్టంతా ఆయన్ని దీపాల తాత అనేది.

అదే ఊళ్లో బొగ్గు లారీలు తిప్పే సేటు ఒకాయన ఉండేవాడు. చేతికి ఎముక లేదని పేరు. గణపతి మండపమైనా, బతుకమ్మ చీరలైనా, అన్నదానమైనా ముందు ఆయన పేరే వినపడేది. ఇచ్చినప్పుడల్లా ఒక ఫ్లెక్సీ కట్టించేవాడు, అంతే.

2022 జూలై రెండో వారంలో గోదావరి పోటెత్తింది. ఎగువన కడెం ప్రాజెక్టుకు తట్టుకోలేనంత వరద వచ్చింది. 62 గేట్ల ఎల్లంపల్లి బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారు. గోదావరి నిండుగా పారుతుంటే రాళ్లవాగు నీళ్లకు పోయే తోవ లేక ఎదురుతన్ని ఊరి మీదికి వచ్చాయి. ఎన్టీఆర్ నగర్, రాంనగర్ ఇళ్లు మునిగాయి. మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లు చేరితే బాలింతలను, పసిబిడ్డలను వేరే చోటికి మార్చాల్సి వచ్చింది.

వరద తీసిన తర్వాత జనం బియ్యం ఎండబోసుకున్నారు, పరుపులు గోడల మీద ఆరేసుకున్నారు. పిల్లలు పుస్తకాలను దండెం మీద వేశారు. పైకి ఎండినట్టే ఉన్నా లోపలి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విప్పబోతే చిరిగేవి. బురద వాసన పోలేదు. నీలం సిరా పాకి, ఏది లెక్కో ఏది జవాబో తెలియకుండా అయింది. పాఠ్యపుస్తకాలు సర్కారు ఉచితంగా ఇచ్చేవే. నోటు పుస్తకాలు మాత్రం అప్పటికి ఎవరివి వాళ్లు కొనుక్కునేవే. చాపలు కూడా కొట్టుకుపోయిన ఇంట్లో నోటు పుస్తకం ఎవరు కొంటారు?

సేటు మనసు కరిగింది. ఆగస్టు 15న బడి ఆవరణలో షామియానా వేయించాడు. కొత్త బ్యాగులు తెప్పించాడు. ఒక్కో బ్యాగులో ఐదు నోటు పుస్తకాలు, పెన్ను, పెన్సిల్, జామెట్రీ బాక్సు. బ్యాగు మీద సేటు బొమ్మ. మైకులో ‘వరద బాధిత విద్యార్థులు’ అంటూ పేర్లు చదివారు. చిన్న తరగతుల పిల్లలు ఉరికి వచ్చి తీసుకున్నారు, ఫోటోకు నిలబడ్డారు. పెద్ద తరగతుల పిల్లలు కొందరు పేరు పిలిచినా లేవలేదు. పక్కవాడు మోచేత్తో పొడిచినా కదలలేదు. పొద్దుగూకే సరికి చాలా బ్యాగులు మిగిలిపోయాయి. వాటిని లారీలో వేసుకుపోయి గోదాములో పెట్టారు. మర్నాడు పేపర్లో మాత్రం అందరికీ ఇచ్చినట్టే వచ్చింది.

సెప్టెంబరు వచ్చేసరికి బడిలో రాత కాగితాలకు కరువొచ్చింది. ముందుగా అయిపోయింది లెక్కల పుస్తకం. సేటు ఇచ్చినవన్నీ వంద పేజీల సింగిల్ రూళ్లవి. లెక్కలకు తెల్ల కాగితం లేదు, ఇంగ్లీషుకు నాలుగు గీతల పుస్తకం లేదు. పిల్లలు హిందీ నోట్సు వెనక నుంచి లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఒకడైతే పోయిన నెల పెన్సిల్‌తో రాసిందంతా రబ్బరుతో చెరిపి, దాని మీదే మళ్లీ రాస్తున్నాడు. లెక్కల మేడం అది చూసి దీపాల తాతతో చెప్పుకుంది. తాత కండువా భుజాన వేసుకొని సేటు ఆఫీసుకు పోయాడు.

“సేటూ, మొన్నటి బ్యాగులు మిగిలినయట. నాకియ్యరాదు.”

“తీస్కపో తాతా. ఎప్పుడు పంచుదాం చెప్పు, ఫోటో ఆయనను పిలిపిస్త.”

“పంచుడు లేదు. బడిల ఒక బీరువ పెడదాం. ఎవలకు ఎప్పుడు అయిపోతే అప్పుడు తీస్కుంటరు.”

సేటు కాసేపు ఆలోచించాడు. “గట్లయితే బీరువ మీద నా పేరు రాపిస్తవా?”

“సేటూ, నేను మూడు షిఫ్టులల్ల ల్యాంపులు ఇచ్చిన. దిగెటోడు ఏ యూనియనోడు, మంచోడా, తాగుబోతా అని ఎన్నడు సూడలే. షిఫ్టుకు ముందుగాల ఇయ్యాలె, చార్జింగ్ నిండుగ ఉండాలె, గంతే. ల్యాంపు మీద మేనేజర్ పేరుంటదా? నెంబరే ఉంటది. తీస్కున్నోడు నాకు దండం పెట్టలే. ఎందుకు పెడ్తడు? అది వాని పనిముట్టు. అది లేకుంటె వాడు బాయిల ఏం జేస్తడు?”

సేటు నవ్వాడు. కోపం రాలేదు గానీ పూర్తిగా ఒప్పుకోనూ లేదు. గోదాం తాళం మాత్రం ఇచ్చాడు. ఒక పాత ఇనప బీరువా కూడా పంపాడు.

దసరా సెలవులు అయిపోగానే బీరువా పెద్దసారు గది బయట వరండాలో నిలబడింది. సింగిల్ రూళ్లవి కొన్ని కొట్లో ఇచ్చేసి, వాటికి బదులు తెల్ల కాగితాలవి, నాలుగు గీతలవి తెచ్చిపెట్టారు. దాని పక్కన తాత ఒక చెక్క పలక కొట్టాడు. పలక మీద రెండు వరుసల కొక్కేలు. ప్రతి పిల్లకూ, పిల్లగాడికీ ఒక నెంబరు, ఆ నెంబరు రాసిన అట్ట బిళ్ల. నెల మొదట్లో బిళ్లలన్నీ ఎడమ పక్కన ఉంటాయి. నిండిన నోటు పుస్తకం చూపించి కొత్తది తీసుకున్నా, అయిపోయిన పెన్ను ఇచ్చి వేరేది తీసుకున్నా, పిల్లలే తమ బిళ్లను కుడి పక్క కొక్కేనికి మార్చాలి. వరద బాధితుడివా, మీ నాయనది పర్మినెంట్ కొలువా, కాంట్రాక్టు పనా అని అడిగేవారు లేరు. బడిలో ఉన్న అందరికీ ఒకే బీరువా. పేరు పిలిచినా లేవని పదో తరగతి పిల్లలు ఇప్పుడు ఇంటర్వెల్లులో వచ్చి తమకు తామే తీసుకుపోతున్నారు.

నవంబరు నెలాఖరున సేటు చూడ్డానికి వచ్చాడు. “ఎన్ని పుస్తకాలు పోయినయి తాతా?” అన్నాడు.

“అది నేను లెక్క పెట్టలే. గిటు సూడు.”

పలక ఎడమ పక్కన ఒక్క బిళ్ల మిగిలి ఉంది. 27 నెంబరు.

“ఒకటే గదా, ఏమైంది?”

“బాయిల టోకెన్ ఇచ్చి ల్యాంపు తీస్కుంటరు, షిఫ్టు దిగినంక ల్యాంపు ఇచ్చి టోకెన్ తీస్కపోతరు. ఒక్కని టోకెన్ మా కాడనే ఉండిపోయిందనుకో, ఏమని అర్థం? ఆయన ఇంక కిందనే ఉన్నడు. గప్పుడు ఇయ్యాల ఎన్ని ల్యాంపులు ఇచ్చినమని ఎవలు లెక్క పెట్టరు. ఆ ఒక్కడు ఏడున్నడో ఎతుకుతరు.”

పెద్దసారు హాజరు పట్టీ తెచ్చి చూపించాడు. 27 నెంబరు ఏడో తరగతి పిల్ల. బడి మానలేదు. వారానికి రెండు రోజులు, మూడు రోజులు వస్తూనే ఉంది. పట్టీ చూస్తే బడి మానిందన్న అనుమానం ఎవరికీ రాదు. కానీ నెల మొత్తంలో ఒక పెన్ను కూడా అరగలేదు, ఒక పుస్తకం కూడా నిండలేదు. నాలుగు రోజులు రాక ఐదో రోజు వచ్చిన పిల్లకు బోర్డు మీద లెక్క ఎక్కడ మొదలైందో తెలియదు. తెలియనిది ఏం రాస్తుంది? మధ్యాహ్న భోజనం తిని, వెనక బెంచీలో కూర్చొని, గంట కొట్టగానే పోతుంది.

సాయంత్రం మేడం, తాత కలిసి ఆ ఇంటికి పోయారు. వద్దన్నా సేటూ వెంట వచ్చాడు. గోడల మీద వరద నీటి గీత ఇంకా నడుము ఎత్తున కనపడుతోంది. తండ్రి కాంట్రాక్టు పనికి పోయాడు. అది పత్తి ఏరే కాలం, తల్లి తెల్లారకముందే కూలీల ఆటో ఎక్కుతుంది, చీకటి పడ్డాక వస్తుంది. ఏరినన్ని కిలోలకే కూలి, మానితే ఆ రోజు లేనట్టే. ఇంట్లో మూడేళ్ల పిలగాడు. వాణ్ని ఎత్తుకొని ఆ పిల్ల గడపలో నిలబడింది. సేటు ఇచ్చిన బ్యాగు లోపల మేకుకు వేలాడుతోంది. అందులో ఐదు నోటు పుస్తకాలు అట్టలు కూడా నలగకుండా ఉన్నాయి.

సేటు ఆ బ్యాగు వైపు చూశాడు. “ఈ పిల్లకు అన్నీ ఇచ్చినం గదా” అని గొణుక్కున్నాడు.

“అన్నీ ఇచ్చినం సేటూ, పొద్దే ఇయ్యలే” అన్నాడు తాత.

తల్లి వచ్చాక మాట్లాడారు. రెండు గల్లీల అవతల అంగన్‌వాడీ ఉంది. మూడేళ్లు నిండిన పిల్లలను అక్కడ కూర్చోబెట్టుకుంటారు, అన్నం పెడతారు. “ఏస్తే ఏడుస్తడు సారూ, రెండు రోజులు ఏసి సూసిన” అంది తల్లి. అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి, “వారం రోజులు ఏడుస్తడమ్మా, ఏడ్వనీ. నేను సూసుకుంట” అంది. పొద్దున పిలగాణ్ని అక్కడ దింపి బడికి పోవాలి, బడి విడిచేదాకా వాణ్ని పక్కింటి అవ్వ చూడాలి అని మాట అయింది. మేడం రోజూ సాయంత్రం అరగంట కూర్చోబెట్టి పోయిన పాఠాలు చెబుతానంది. ఇందులో రూపాయి ఖర్చు లేదు. ఫోటోకు నిలబడేది కూడా ఏమీ లేదు.

డిసెంబరు నెల సగంలో 27 నెంబరు బిళ్ల కుడి పక్కకు మారింది. ఆ పిల్ల తీసుకున్నది ఒక తెల్ల కాగితాల లెక్కల పుస్తకం. జనవరిలో సేటు మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా పలక దగ్గరికి పోయి, ఎడమ పక్క చూసి, “ఈ మూడు ఎవలయి?” అని అడిగాడు.

నీతి: ఇచ్చిన వస్తువులను లెక్కపెట్టుకుంటే దాతకు పేరొస్తుంది. రాని పిల్లను లెక్కపెడితేనే పిల్లకు చదువొస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును హక్కుగా ఇచ్చింది. హక్కున్న పిల్లకు నోటు పుస్తకం ఇవ్వడం దయ చూపడం కాదు, పనికి పనిముట్టు అందించడం. పనిముట్టు ఇచ్చే తీరు వేరు. అది అందరికీ ఒకేలా అందాలి, పని మొదలయ్యేలోపు అందాలి, అరిగినప్పుడల్లా మళ్లీ అందాలి. వేదిక ఎక్కించి ‘పేద పిల్ల’ అని పిలిచి ఇస్తే, తీసుకోవాల్సిన పిల్లే ముందుగా తల దించుకుంటుంది.

కథ జరిగిన మరుసటి ఏడాది, 2023-24 నుంచి, తెలంగాణ సర్కారు హైస్కూలు పిల్లలకు నోటు పుస్తకాలు కూడా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతటితో దాతల పని అయిపోలేదు. ఇప్పటికీ జూన్‌లో బడిబాట నాడు, ఆగస్టు 15 నాడు బడికి వచ్చే చేతులు పత్తి ఏరే నాటికి కనపడవు. పిల్లలు జారిపోయేది అప్పుడే. ఇవ్వాలన్న మనసు ఉన్నవాళ్లు ముందు బడికి పోయి ఏ పుస్తకం తొందరగా అయిపోతుందో అడగాలి. సగం జూన్‌లో ఇచ్చి, సగం దసరా తర్వాతకు ఉంచాలి. తర్వాత ఒక పూట తీరిక చేసుకొని, ఎవరి పుస్తకం నిండలేదో కనుక్కొని, పెద్దసారును వెంటబెట్టుకొని ఆ ఇంటికి పోవాలి. బ్యాగు ఖరీదు ఎవరైనా పెట్టగలరు. ఆ పూట పెట్టగలిగినవాళ్లే ఆ బడికి అసలైన దాతలు.