అప్పు తీర్చే ఊరు

అమెరికాలో అప్పు చేసి వైద్యం చదివినవాళ్ళ నెత్తిన, పట్టా చేతికొచ్చేనాటికి ఇంచుమించు రెండు లక్షల డాలర్ల భారం ఉంటుంది. ఆ దేశంలోనే డాక్టరు దొరకని చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. మిసిసిపీ డెల్టా, తూర్పు కెంటకీ బొగ్గు కొండలు, డకోటాల్లోని ఆదివాసీ రిజర్వేషన్లు, మహానగరాల పేద వాడలు వాటిలోవే. 3,500 మందికి ఒక్క వైద్యుడైనా లేని చోటును అక్కడి ప్రభుత్వం కొరత ప్రాంతంగా గుర్తిస్తుంది. 1970 డిసెంబరు 31న నిక్సన్ సంతకంతో పుట్టిన నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ ఇలాంటి ఊళ్ళకు వైద్యులను పంపడానికే ఏర్పడింది. 1987 నుంచి అది ఒక బేరం కూడా కుదుర్చుకుంటోంది: కొరత ఉన్న చోట రెండేళ్ళు పనిచెయ్యండి, మీ చదువు అప్పులో కొంత మేం కడతాం. డాక్టర్లకే కాదు, నర్స్ ప్రాక్టీషనర్లకు, నర్స్ మిడ్‌వైఫ్‌లకు, దంతవైద్యులకు, మానసిక చికిత్సకులకు కూడా ఈ అవకాశం ఉంది.

ఈ ఏర్పాటు మంచిదే. అయితే ఎందువల్ల మంచిది, ఎవరికి మంచిది అని తరచి చూస్తే చిక్కుముడులు కనిపిస్తాయి. వాటిని విప్పడానికి ఇద్దరిని ఊహించుకున్నాను. మావయ్య గుంటూరు వైద్య కళాశాలలో చదివి, జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసి, తూర్పు కెంటకీలో స్థిరపడ్డ వైద్యుడు. మేనకోడలు అక్కడే పుట్టి, ఫ్యామిలీ మెడిసిన్‌లో రెసిడెన్సీ ముగిస్తున్న అమ్మాయి. మిసిసిపీ డెల్టాలో ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. కోర్‌కి దరఖాస్తు ఇంకా పంపలేదు.

మావయ్య: డెల్టాకు వెళ్తున్నావంటే సంతోషించానమ్మా. ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. ఈ అప్పే లేకపోతే వెళ్ళేదానివా?

మేనకోడలు: తెలియదు మావయ్యా. డాక్టరయ్యాక అప్పులేకుండా ఎలా ఉంటానో నేనెప్పుడూ చూడలేదు. ఏ ఊరు, ఏ స్పెషాలిటీ, పెళ్ళి ఎప్పుడు అని ఏది ఆలోచించినా ఆ అప్పుతో కలిపే ఆలోచించాను.

మావయ్య: అయితే దాన్ని సేవ అనడం న్యాయమేనా? ఫలం మీద కన్నుపెట్టి చేసే పనికి ఆ పేరు తగదనేగా మన పెద్దలు చెప్పింది.

మేనకోడలు: ఫలాపేక్ష వద్దన్నారు గాని జీతం వద్దనలేదు కదా. షుగరు ముదిరి, కాలి పుండుతో వచ్చిన మనిషికి నా మనసులో ఏముందో దేనికి? కాలు నిలుస్తుందా, తీసెయ్యాలా అన్నదే ఆయనకు కావలసింది. నా మనసు శుభ్రంగా ఉందో లేదో నేను చూసుకోవలసిన సంగతి. దానికోసం ఆయన్ని కూర్చోబెట్టలేను.

మావయ్య: మొదటి రోజు నువ్వన్నదే నిజం. రెండో ఏడు గడిచేసరికి కాదు. నేను కెంటకీ వెళ్ళిన కొత్తలో ప్రతి ముసలావిడా అడిగే ప్రశ్న ఒకటే: ఎన్నాళ్ళుంటావు? నాకు ముందు వచ్చిపోయిన డాక్టర్లందరి పేర్లూ చెప్పేవాళ్ళు. ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి పేరుకున్న గని కార్మికుడు రాత్రిపూట ఎంత ఆయాసపడతాడో మొదటిసారి చెప్పడు. నాలుగోసారికో అయిదోసారికో బయటపడతాడు. ఈలోగా డాక్టరు మారిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వు ఎందుకొచ్చావన్నది నువ్వు ఎన్నాళ్ళుంటావన్న దాంట్లో తేలిపోతుంది. అందుకే అది రోగికి కూడా కావలసిన సంగతే.

(ఇక్కడ నేను మావయ్య పక్షం. వైద్యంలో నమ్మకం మందు తరువాత వచ్చే మర్యాద కాదు, రోగనిర్ధారణలో భాగం.)

మేనకోడలు: ఉండాలనుకున్నా ఈ లెక్క ఉండనివ్వాలి కదా. పూర్తికాలం పనిచేసే ప్రైమరీ కేర్ డాక్టరుకు రెండేళ్ళకు 75,000 డాలర్ల దాకా ఇస్తారు. దానిమీద ఆదాయపు పన్ను లేదు. నా రెండు లక్షల మీద ఏడు శాతం వడ్డీ అనుకోండి. ఏడాదికి 14,000, రెండేళ్ళకు 28,000. అంటే అసలులో తగ్గేది 47,000. పెద్ద ఊళ్ళో హాస్పిటల్ గ్రూపులో చేరిన నా స్నేహితురాలు జీతంలోనే అంత తేడా చూపిస్తుంది. డబ్బు కోసమే అయితే డెల్టా తెలివైన దారి కాదు మావయ్యా.

మావయ్య: మరి దేనికి పనికొస్తుంది ఆ డబ్బు?

మేనకోడలు: వెళ్ళాలని ఉన్నవాళ్ళు వెళ్ళగలగడానికి. వెళ్ళాలని లేనివాళ్ళను అది లాక్కురాదు. వెళ్ళాలని ఉండీ అప్పుకు భయపడి ఆగిపోయేవాళ్ళకు దారిలో అడ్డం తీస్తుంది, అంతే.

మావయ్య: అడ్డం తీస్తుందా, కట్టేస్తుందా? మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో చదివావా?

మేనకోడలు: చదివాను. పనిచెయ్యని కాలానికి ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టాలి. మిగిలిన ప్రతి నెలకూ 7,500 డాలర్లు జరిమానా, దానిపైన వడ్డీ. మొత్తం ఎంత తక్కువైనా 31,000కు తగ్గదు.

మావయ్య: అలాంటి కాగితం మీద చేసే సంతకాన్ని స్వేచ్ఛ అంటావా?

మేనకోడలు: ఈ ఒక్కచోట మాత్రం అంటాను. ఎందుకో చెప్తాను వినండి. కోర్‌లోనే స్కాలర్‌షిప్ పథకం వేరే ఉంది. అక్కడ చదువు మొదట్లోనే మాట ఇవ్వాలి. మాట తప్పితే ఇచ్చినదానికి మూడింతలు, వడ్డీతో సహా. ఇరవై రెండేళ్ళ పిల్ల ముప్ఫయ్యేళ్ళ మనిషి తరపున మాట ఇవ్వడం అది. ఆ ముప్ఫయ్యేళ్ళ మనిషికి ఏం నచ్చుతుందో, ఎవరిని కట్టుకుంటుందో, అమ్మానాన్నల ఆరోగ్యం ఎలా ఉంటుందో ఆ పిల్లకు తెలియదు. నాది అలాకాదు. చదువయింది, ఊరు చూశాను, క్లినిక్‌లో పనిచేసేవాళ్ళతో మాట్లాడాను, అక్కడ ఉద్యోగం వచ్చాకే దరఖాస్తు. నా గురించి తెలిసి నేను ఇస్తున్న మాట ఇది.

మావయ్య: ఒప్పుకుంటాను. కానీ నీతోపాటు చదివినవాళ్ళలో తండ్రి ఫీజంతా కట్టిన పిల్లలు లేరూ?

మేనకోడలు: ఉన్నారు.

మావయ్య: వాళ్ళను డెల్టాకు రమ్మని ఎవరైనా అడిగారా?

మేనకోడలు: ఎవరూ అడగలేదు.

మావయ్య: చూశావా మరి! కలిగినవాళ్ళ బిడ్డకు బాధ్యత లేదు. లేనివాళ్ళ బిడ్డే లేనివాళ్ళ ఊరికి వెళ్ళాలి. పేదల వైద్యం పేదింటినుంచి వచ్చిన డాక్టర్లే చూసుకోవాలన్నట్టుంది ఈ ఏర్పాటు.

మేనకోడలు: ఈ ప్రశ్న నన్నూ బాధపెడుతుంది మావయ్యా. ఎందుకంటే చదువుకు అయిన ఖర్చు నా అప్పుపత్రంలో ఉన్నది మాత్రమే కాదు. మా రెసిడెన్సీకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎక్కువ భాగం మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా నిధి నుంచి. దేశం మొత్తంమీద ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు పైగానే. పన్ను కట్టే ప్రతి కూలీ అందులో భాగస్వామి, డెల్టాలో క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేపలు కోసే ఆవిడతో సహా. నేను మొదటిసారి వెన్నులో సూది దించినప్పుడు చెయ్యి వణికింది. ఆ వణుకును తన ఒంటిమీద భరించినావిడ పేరు ఏ బ్యాంకు దగ్గరా లేదు. ఫీజు ఇంట్లోంచి కట్టినవాడు కూడా అలాంటి వాళ్ళ ఒళ్ళమీదే నేర్చుకున్నాడు. అప్పుపత్రం లేకపోతే అప్పు లేనట్టేనా?

మావయ్య: (కొంచెంసేపు ఆగి) నువ్వు అన్నది నాకు తగిలిందమ్మా. నేను గుంటూరులో చదివినప్పుడు కట్టిన ఫీజు, అసలు ఖర్చు ముందు ఏ మూలకూ రాదు. మిగతాదంతా ప్రభుత్వం పెట్టింది. అంటే మిర్చి రైతులు, పత్తి రైతులు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు. నాకు ఒక్క రూపాయి బ్యాంకు అప్పు లేదు. బతుకంతా కెంటకీ గని కార్మికుల ఊపిరితిత్తులు చూశాను.

మేనకోడలు: మీరు అక్కడికి ఎలా వెళ్ళారో నాకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

మావయ్య: జె-1 మీద వచ్చిన డాక్టరు శిక్షణ అయ్యాక రెండేళ్ళు సొంత దేశం వెళ్ళి ఉండాలి. అది చట్టం. ఆ షరతు ఎందుకు పెట్టారో ఆలోచించు. నేర్చుకున్నది ఆ దేశానికి చెందాలని. అంటే నా మీద గుంటూరుకు హక్కుందని అమెరికా చట్టమే ఒప్పుకుంది. 1994లో నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ ఒక సవరణ తెచ్చాడు. కొరత ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు మాఫీ. మొదట రాష్ట్రానికి ఏటా ఇరవై మంది, తరువాత ముప్ఫై. అలాంటి మాఫీ మీదే నేనూ ఉండిపోయాను. గుంటూరుకు చెందవలసిన రెండేళ్ళను కెంటకీ మూడేళ్ళుగా మార్చుకుంది. గుంటూరును ఎవరూ అడగలేదు.

మేనకోడలు: కెంటకీలో మీరు లేకపోతే ఆ కార్మికులకు ఎవరుండేవాళ్ళు?

మావయ్య: ఎవరూ ఉండేవాళ్ళు కాదేమో. అక్కడ చేసిన పనికి నేను విచారించను. కానీ ఈ దేశం తన పేద ఊళ్ళను నింపుకున్న తీరు చూడు. సొంత బిడ్డ అయితే అప్పు, పరాయి బిడ్డ అయితే వీసా. ఇద్దరిలోనూ పట్టుకోడానికి వీలైన బలహీనత ఎక్కడుందో చూసి అక్కడ పట్టుకుంది. కలిగిన ఇంట్లో పుట్టిన పౌరుడికి మాత్రం పట్టు దొరకదు, వాణ్ణి వదిలేసింది.

మేనకోడలు: అయితే నన్ను దరఖాస్తు చెయ్యొద్దంటారా?

మావయ్య: చెయ్యమనే అంటాను. ఆ డబ్బు నీకు న్యాయంగా రావలసిందే. నేను అడిగేది వేరు. ఆ కాగితంలో ఏం లెక్కపెడతారు?

మేనకోడలు: వారానికి 40 గంటలు, అందులో ఎక్కువ భాగం రోగులను చూడటానికి. ఏడాదికి 45 వారాలు.

మావయ్య: డెల్టాకే వెళ్తున్నావు గనక జాక్ గైగర్ పేరు వినే ఉంటావు. 1960లలో మౌండ్ బాయూలో హెల్త్ సెంటర్ పెట్టినాయన. అక్కడి నల్లజాతి పిల్లలు తిండిలేక ఎండిపోతుంటే, ఆ సెంటర్ డాక్టర్లు మందుల చీటీ మీద తిండి రాశారు. కిరాణా కొట్టువాళ్ళు సరుకులిచ్చి బిల్లు సెంటర్‌కి పంపారు. మందులకిచ్చిన డబ్బు తిండికి ఎలా వాడతారని పైనుంచి అడిగితే, ఆకలి జబ్బుకు వైద్యగ్రంథాల్లో ఉన్న మందు తిండేనని ఆయన జవాబిచ్చాడు. బావులు తవ్వించారు, రైతుల సహకార సంఘం పెట్టించారు. వీటిలో ఏది రోగులను చూసే ఆ గంటల్లోకి వస్తుంది?

మేనకోడలు: ఏదీ రాదు. కానీ ఆ గంటలు లేకపోతే అవీ ఉండవు మావయ్యా. ఊళ్ళో మనిషంటూ ఉంటేనే బావి అవసరమని తెలుస్తుంది. కోర్ నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళి దింపుతుంది. అక్కణ్ణుంచి నా పని. నాకు భయమల్లా ఒకటే. పక్క ఊళ్ళో అదే పనిచేసే నర్స్ ప్రాక్టీషనర్‌కి ఈ డబ్బు రాకపోవచ్చు. ఊరి కొరతకు మార్కులు వేస్తారు, ఎక్కువ మార్కులున్న ఊరికి ముందు ఇస్తారు, నిధి అయిపోతే మిగతావాళ్ళకు లేదు. ఆ నిధి కూడా కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగిస్తే గాని నిలవదు. చేసిన పని ఒకటే అయినప్పుడు, ఒకరికి హక్కులా వచ్చి ఇంకొకరికి అదృష్టం మీద ఆధారపడటం ఏం న్యాయం?

ఇద్దరినీ ఇక్కడ ఆపుతాను. ఆఖరి మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. కొరత ప్రాంతంలో పనిచేసినవారి అప్పు తీర్చడం దానం కాదు, వాళ్ళ శ్రమకు ప్రజలు చెల్లించే ధర. ధర అన్నాక పనిచేసిన ప్రతివారికీ అందాలి. రెండేళ్ళతో ఆగకుండా, ఉన్నకొద్దీ పెరగాలి. అన్నిటికంటే ముందు, ఎవరు ఉంటారో చూసి చదివించాలి. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల 1974లో, పల్లెల్లో పెరిగి పల్లెలకే వెళ్ళాలనుకునే విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. హోవార్డ్ రాబినోవిట్జ్ అనే వైద్యుడు వాళ్ళను దశాబ్దాలపాటు గమనించి, మిగతావాళ్ళకంటే వాళ్ళు పల్లెల్లో చేరడమూ ఎక్కువే, నిలవడమూ ఎక్కువే అని చూపించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సిఫారసుల్లోనూ పల్లె నేపథ్యం ఉన్న విద్యార్థులను చేర్చుకోవాలన్నది ఉంది.

ఇక మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. ప్రైవేటు కాలేజీల్లో యాజమాన్య కోటా ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటింది. పొలం తాకట్టుపెట్టి చదివించే ఇళ్ళు పెరుగుతున్నాయి. అంటే అమెరికాలో ఉన్న అప్పు మన దగ్గరా తయారవుతోంది, దాన్ని తీర్చే ఏర్పాటు మాత్రం లేదు. మనకున్నది ప్రభుత్వ సేవ చేస్తామని రాయించుకునే బాండు, ఎగ్గొడితే జరిమానా. ఇంకోటి ఇన్‌సర్వీస్ కోటా: ఏజెన్సీ పీహెచ్‌సీలో పనిచేసినవారికి పీజీ సీటులో అవకాశం. అది అందుకోవాలంటే ఆ పీహెచ్‌సీని వదిలి వెళ్ళాల్సిందే. ఉండిపోయినవారికి ఏమిస్తున్నాం? పాడేరు కొండల్లో గర్భిణుల్ని ఇంకా డోలీల్లో మోసుకొస్తున్నారు. అక్కడ ఏళ్ళ తరబడి నిలిచే వైద్యుడి, స్టాఫ్ నర్సు చదువు అప్పును ఏడాదికింత అని ప్రభుత్వం కట్టాలి. ఆ కొండల బిడ్డలకు ఆ చదువు సీట్లలో ముందు వరస ఇవ్వాలి. బాండ్లు రాయించుకోవడానికి చూపే శ్రద్ధ ప్రభుత్వాలు ఈ రెండు పనుల మీద పెట్టాలి.