మోటారు ఎక్కడిది?

ఒక దేశంలో కంప్యూటర్లు బిగించి అమ్మే వ్యాపారి ఉండేవాడు. ముందుచూపు గలవాడు. హార్డ్ డిస్కుల కోసం ఒక్కరినే నమ్ముకుంటే ఎప్పటికైనా చిక్కేనని రెండు కంపెనీలతో ఒప్పందం రాసుకున్నాడు. ఇద్దరూ సరుకు చేయించేది థాయ్‌లాండ్‌లోనే. ఒకరి ఫ్యాక్టరీ అయుత్థయ పల్లంలో ఉంటే, మరొకరిది కోరాట్ మెట్టమీద ఉంది.

పద్దులు చూసే పెద్దాయన ఒకరోజు అడిగాడు. "బాబూ, డిస్కును తిప్పే మోటారు వీళ్లిద్దరికీ ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"అది వాళ్లు చూసుకుంటారు లెండి. సరుకు వేళకు అందుతోంది, ధర గిట్టుబాటవుతోంది. మనకింకేం కావాలి?"

2011 అక్టోబరులో చావో ఫ్రయా నది పొంగి పల్లాన్ని ముంచేసింది. అక్కడి ఫ్యాక్టరీలో గాలిని సైతం వడగట్టి వదిలే గదులున్నాయి. తల నుంచి పాదాల దాకా కప్పుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. తిరిగే డిస్కుకూ దాని మీద సమాచారం చదివి రాసే హెడ్‌కూ మధ్య సందు ఎంత సన్నమంటే, దుమ్ము రేణువు పడినా డిస్కు పాడవుతుంది. ఆ గదుల్లోకి బురదనీళ్లు వచ్చాయి. యంత్రాలను గజ ఈతగాళ్లు మునిగి పైకి తీయాల్సి వచ్చింది.

వ్యాపారి రెండో కంపెనీకి ఫోన్ చేశాడు.

"మా ఫ్యాక్టరీలోకి చుక్క నీరు రాలేదండీ. మనుషులున్నారు, కరెంటుంది. మోటార్లే లేవు. అవి చేసే ఫ్యాక్టరీలు ఆ పల్లంలోనే మునిగిపోయాయి."

వ్యాపారి పెద్దాయన దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "ఇద్దరున్నారు కదా అని ధీమాగా ఉన్నానండీ."

"అమ్మేవాళ్లు ఇద్దరే బాబూ. మోటారు పుట్టే చోటు మాత్రం ఒక్కటి" అన్నాడాయన.

ఈ వ్యాపారి కల్పన. వరద నిజం. హార్డ్ డిస్కులు చేసే వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఫ్యాక్టరీ అయుత్థయలోని బాంగ్ పా-ఇన్‌లో మునిగింది. దాని పోటీదారు సీగేట్ ఫ్యాక్టరీలు మునగకపోయినా విడిభాగాల కొరత వాళ్లనూ పట్టుకుంది. ప్రపంచంలో హార్డ్ డిస్కు మోటార్లు అత్యధికంగా చేసే నిడెక్‌కు చెందిన ఫ్యాక్టరీలూ నీటిపాలయ్యాయి. కొన్ని డిస్కుల ధర రెట్టింపు దాటింది. విడిభాగాలవాళ్లంతా దగ్గరదగ్గరగా చేరడం వల్లనే రవాణా ఖర్చు తగ్గి సరుకు చౌకైంది. అందరూ ఒక్కసారే ఆగిపోవడానికీ అదే కారణం. ఆ వరద థాయ్‌లాండ్‌లో 800 మందికి పైగా ప్రాణాలు తీసింది. చౌక ధర చూసి మురిసిన మనం, ఆ సరుకు చేసే మనుషులు ఏ నది పక్కన బతుకుతున్నారో కూడా తెలుసుకోవలసింది.

నీతి: అమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది కాదు, సరుకు పుట్టే చోట్లు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. పని పరాయి దేశానికి అప్పగించినా, అక్కడి నేలనూ నీళ్లనూ మనుషుల క్షేమాన్నీ కనిపెట్టుకుని ఉండే బాధ్యత మాత్రం మనదే.