ఏ మోకాలితో ప్రార్థింతుము?

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, హుజూరాబాదు చెంతనున్న ఒక గ్రామమునుండి వచ్చు వృద్ధురాలు మందిరపు మెట్లయొద్ద మమ్మును నిలిపినది. ఆమె నలువది యేండ్లు మోకాలిలోతు బురదలో వంగి వరినాట్లు వేసిన తల్లి. ఇప్పుడామెకు నాలుగు మెట్లు ఎక్కుటయే భారము. నొప్పిచేత రాత్రులు నిద్రయు లేదు. కరీంనగరములోనున్న కుమారుడు మోకాలి ఆపరేషను చేయింతునని పట్టుబట్టుచున్నాడు. ఆమె అడిగినదేమనగా: "అయ్యగారూ, మోకాలు మార్చినంక మోకరిల్లుడు కష్టమంటున్నరు. మరి దేవుని ముంగట ఎట్ల మొక్కాలె? దేవుడిచ్చిన కాలుతోనే పోతే తప్పా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అందుకు కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సహోదరుడు ఇట్టి సంగతియే అడుగగా, "ఓర్చుకొనుము, ప్రార్థింపుము" అని సులభముగా చెప్పి పంపితిమి. ఆయన ఓర్చుకొనెను. మొదట మందిరమునకు వచ్చుట మానెను, తరువాత వాకిలి దాటుట మానెను. మా కాళ్లకు లేని నొప్పిని ఇంకొకరు ఓర్చుకొనవలెనని చెప్పుట మాకెంత తేలికయ్యెను!

ముందు ఈ చికిత్స యెట్టిదో తెలిసికొందము. జనులు "చిప్పలు మార్చుట" అందురుగాని, సాధారణముగా చిప్పను తీసివేయరు. గుజ్జు అరిగి ఒకదానినొకటి ఒరసికొను ఎముకల కొనలను కొంచెము చెక్కి, వాటికి లోహపు తొడుగులు తొడిగి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను అమర్చుదురు. 1974లో న్యూయార్కు నగరమున జాన్ ఇన్సాల్, మన దేశమున పుట్టిన చిత్తరంజన్ రణావత్ మొదలైనవారు వాడుకలోనికి తెచ్చిన కీలే నేటి కీళ్లకు మాతృక. ఆ రణావత్ గారే అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారి ఎడమ మోకాలికి 2000లో, కుడి మోకాలికి 2001లో ముంబయిలో శస్త్రచికిత్స చేసిరి. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ఈ కీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించి, ఎక్కువగా వాడబడు రకమును పన్ను గాక 54,720 రూపాయలకు దించినది. గనుక ఇది ధనవంతులకే చెందిన వైద్యమని యిప్పుడనలేము.

అయితే దీని హద్దులను దాచరాదు. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము, పూర్తిగా మార్చిన కీళ్లలో నూటికి 82 వరకు 25 సంవత్సరములు నిలుచును. కాని చేయించుకొన్న ఐదుగురిలో సుమారు ఒకరికి పూర్ణతృప్తి కలుగదు. చీము పట్టుట, కాలి నరములలో రక్తము గడ్డకట్టుట అరుదైనను కలవు. తరువాత కొన్ని నెలలు నొప్పి నోర్చుకొని వ్యాయామము చేయనిచో కీలు బిగిసిపోవును. నేలమీద గొంతుకూర్చుండుట, మోకరించుట అనేకులకు కష్టముగానే యుండును.

ఇక విశ్వాసపు మాట. వైద్యుని నమ్ముట దేవుని నమ్మకపోవుటయా? రాజైన ఆసా పాదములలో వ్యాధి కలిగినప్పుడు వైద్యులనే ఆశ్రయించెను. అతని తప్పు వైద్యులయొద్దకు పోవుట కాదు, దేవుని విడిచిపోవుట. హిజ్కియా అట్లు చేయలేదు. అతడు మంచముమీదనుండియే గోడతట్టు తిరిగి ప్రార్థించెను. అతని పుండుమీద అంజూరపుముద్ద కట్టుమని చెప్పినవాడు ప్రవక్తయే. ప్రార్థనయు మందును ఒకే గదిలో నుండెను. పౌలు వెంట నడచిన లూకా వైద్యుడు కాడా? మన పొరుగున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠరోగుల ఆసుపత్రి స్థాపించినప్పుడు, విశ్వాసమును వైద్యమును రెండు దారులని తలంచలేదు.

అట్లని ప్రతి మోకాలును కత్తికి అప్పగింపవలెనా? కాదు. ఎనుబది యేండ్ల బర్జిల్లయిని దావీదు తనతో యెరూషలేమునకు రమ్మని పిలిచెను. అది ప్రేమతో కూడిన పిలుపే. అయినను అతడు తన వయస్సును తలపోసి, వద్దని మర్యాదగా చెప్పెను. రాజు అతని ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. పిల్లల ప్రేమ కూడ ఒక్కొక్కప్పుడు రాజాజ్ఞవంటిది. తల్లిని సన్మానించుట అనగా ఆమెకు ఆపరేషను చేయించుట మాత్రమే కాదు. ఆమె మాట వినుట కూడ. ఇరుగుపొరుగువారు ఏమందురోయను సిగ్గుచేత చేయించు చికిత్స సన్మానము కాదు. అట్లే, "నాకొరకు అంత డబ్బెందుకు" అని తల్లి అన్న మాటను పట్టుకొని, తేలికపడి ఊరకుండుటయు సన్మానము కాదు. మన తల్లులలో అనేకులు తమకొరకు ఏదియు అడుగుట ఎరుగరు.

కాబట్టి, తీర్మానించుకొనకముందు మూడు సంగతులు యోచింపవలెను. బరువు తగ్గించుకొనుట, తొడకండరములకు వ్యాయామము, చేతికర్ర, మందులు నిజముగా ప్రయత్నించితిమా? ఎక్స్‌రే చిత్రము గాక, మన నడకయు నిద్రయు ఏమి చెప్పుచున్నవి? స్వస్థపడిన కాలితో ఎక్కడికి నడువగోరుచున్నాము? ఈ మూడవదానికి జవాబు చెప్పగలవారు ఆ కాలు గలవారే. వైద్యుడు గాని, కుమారుడు గాని, సంఘకాపరి గాని కాదు.

మరుసటి ఆదివారము ఆ తల్లి ప్రశ్నకు మేమిట్లంటిమి: "అమ్మా, దావీదు దేవుని సన్నిధిని కూర్చుండి ప్రార్థించెను, సుంకరి దూరముగా నిలిచి ప్రార్థించెను, హిజ్కియా పండుకొనియే ప్రార్థించెను. దేవుడు ముగ్గురి మొర వినెను. మోకరిల్లలేనందుకు భయపడవద్దు. ఆ భయము తీసివేసి, తక్కినది నీవే ఆలోచించుకొనుము."

ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే ఈసారి డాక్టరును కొడుకు కాదు, నేనే అడుగుత" అన్నది. ఏమి నిర్ణయించుకొన్నదో మాకింకను తెలియదు. ఆమె నడచి వచ్చినను, కుర్చీలో కూర్చుండి ప్రార్థించినను, మందిరములో ఆమె స్థలము ఆమెదే. వచ్చుటకే కష్టపడువారికొరకు మెట్లప్రక్క ఒక పట్టుకొమ్మి, ముందువరుసలో నాలుగు కుర్చీలు వేయించుట మాత్రము మన పని. అందుకు ఏ వైద్యుని సలహాయు అక్కరలేదు.